చెట్టుకు కట్టిన మట్టిముంత

కాళిదాస మహాకవి కుమారసంభవంలో హిమవంతుని వర్ణిస్తూ సరళవృక్షాలను పేర్కొన్నాడు. ఏనుగులు దురద తీర్చుకోవడానికి తమ చెక్కిళ్ళను ఆ చెట్ల బోదెలకు రాచుకొంటాయనీ, బెరడు చిట్లి పాలు కారగా ఆ పరిమళం కొండచరియలంతటా వ్యాపిస్తుందనీ ఆ వర్ణనలోని భావం. ఆ సరళవృక్షాన్నే నేడు మనం చీర్ పైన్ అంటున్నాము. కవి గమనించిన విషయంలో ఒక శాస్త్ర రహస్యం కూడ ఇమిడి ఉన్నది. గాయం తగిలినప్పుడు గాని ఆ చెట్టు పాలు విరివిగా స్రవించదు. ఈ రహస్యాన్ని చక్కగా గ్రహించి, ఒకసారి కాదు, రెండుసార్లు అడవుల మేలుకోసం వినియోగించిన రసాయన శాస్త్రజ్ఞుడు ఒకడు అమెరికా దేశంలో ఉండేవాడు. ఆయన పేరు చార్లెస్ హోమ్స్ హెర్టీ.

హెర్టీ 1867 డిసెంబరు 4వ తేదీన జార్జియా రాష్ట్రంలోని మిలెజ్‌విల్ పట్టణంలో జన్మించాడు. ఉత్తర దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం ముగిసి అప్పటికి రెండేండ్లే అయింది. ఓడిపోయిన దక్షిణాదిలో దారిద్ర్యం తాండవిస్తున్నది. బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయి ఆయన బంధువుల ఆదరణలో పెరిగాడు. 1886లో జార్జియా విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొన్నాడు. పిమ్మట బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, శాకరిన్ పరిశోధనతో పేరుపొందిన ఆచార్య ఐరా రెమ్సెన్‌కు శిష్యుడై, 1890లో డాక్టరు బిరుదం సంపాదించాడు. మరుసటి సంవత్సరం తాను చదువుకొన్న విశ్వవిద్యాలయంలోనే అధ్యాపకుడుగా ప్రవేశించాడు. ఆయన ఉత్సాహం ప్రయోగశాల నాలుగు గోడలకు పరిమితం కాలేదు. అమెరికను పద్ధతి ఫుట్‌బాల్ ఆటను ఆ విశ్వవిద్యాలయంలో ప్రవేశపెట్టినవాడు ఈ రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడే. 1892 జనవరి 30వ తేదీన ఆయన తరిఫీదు చేసిన జట్టు తన మొదటి పందెంలో మెర్సర్ విశ్వవిద్యాలయపు జట్టును ఓడించింది. చూచిన లోపాన్ని చూచి ఊరకుండలేని స్వభావం ఆయనకు పుట్టుకతో వచ్చినది.

ఆ రోజులలో దక్షిణాదిని పోషిస్తున్న వృత్తులలో పైన్ చెట్ల జిగురు తీయడం ఒకటి. వర్జీనియా మొదలు టెక్సాస్ వరకు ఒకప్పుడు సుమారు 9 కోట్ల ఎకరాలలో పొడుగాకు పైన్ అడవులు వ్యాపించి ఉండేవి. ఆ చెట్ల జిగురును బట్టీపెడితే ఆవిరిగా లేచి చల్లారి వచ్చేది టర్పెంటైన్ తైలం. బట్టీ అడుగున మిగిలేది ఫిడేలు కమానుకు రాసుకొనే రోజిన్. రంగులకు, వార్నిషులకు, సబ్బులకు, కాగితానికి ఇవి ఆవశ్యకాలు. కొయ్య ఓడల కాలంలో అతుకులలో నీరు చొరకుండ పూసే తారు కూడ ఈ చెట్లనుండి వచ్చిందే. అందుచేత ఈ సరుకులన్నిటికి ఓడసామగ్రి అనే పేరు స్థిరపడిపోయింది.

ఇంతటి సంపదనిచ్చే చెట్టుకు మనిషి చేసిన మర్యాద మాత్రం క్రూరమైనది. నేలకు కొంచెం ఎగువన, బోదె మొదట్లో, గొడ్డలితో లోతుగా తొలిచి దొన్నెవంటి గుంట చేసేవారు. దానికి పెట్టె అని పేరు. గుంట పైభాగాన వారం వారం బెరడు చెక్కుతూ పోగా జిగురు దిగి ఆ గుంటలో నిలిచేది. దానిని గరిటెలతో తోడుకొనేవారు. మొదలే గుల్లయిన చెట్టు గాలివానకు నిలిచేది కాదు, జిగురు పట్టిన గాయానికి కార్చిచ్చు సులభంగా అంటుకొనేది, పురుగు తొలిచేది. కొద్ది సంవత్సరాలలో ఆ తోపు పనికిమాలినదై పోగా వ్యాపారులు బట్టీలు విప్పుకొని మరొక అడవికి తరలేవారు. ఈ విధంగా ఈ పరిశ్రమ ఉత్తర కరోలినాను పీల్చి దక్షిణ కరోలినాకు, అక్కడినుండి జార్జియాకు, ఫ్లారిడాకు దిగివచ్చింది. దాని వెనుక మిగిలినవి మోళ్ళు, బూడిద, పనిలేని ఊళ్ళు.

1899లో హెర్టీ ఉన్నత పరిశోధనకై ఐరోపా వెళ్ళాడు. బెర్లినులో ఆటో విట్ అనే ప్రసిద్ధ రసాయనాచార్యుని దర్శించిన సందర్భంలో ఆ పెద్దమనిషి అమెరికనుల జిగురు పరిశ్రమను తీవ్రంగా అధిక్షేపించాడు. అది పరిశ్రమ కాదనీ, అడవులను వధించడమనీ ఆయన అభిప్రాయం. విదేశంలో పరాయివాడు తన స్వదేశాన్ని గురించి అన్న ఆ మాట హెర్టీ మనస్సులో ముల్లువలె నాటుకొన్నది. దానిని ఖండించడానికి ఆయనవద్ద సమాధానం లేదు, ఎందుకనగా అది సత్యం. సత్యమైన నిందకు సమాధానం చెప్పవలసినది నోటితో కాదు, చేతితో. హెర్టీ ఆ నిశ్చయంతోనే స్వదేశానికి తిరిగివచ్చాడు.

1901లో జార్జియాలోని స్టేట్స్‌బరో పట్టణ సమీపాన ఉన్న పైన్ తోపులో ఆయన తన ప్రయోగం ప్రారంభించాడు. ఫ్రాన్సు దేశంలో పైన్ చెట్లకు మట్టిముంతలు కట్టి జిగురు పట్టే ఆచారం అప్పటికే ఉన్నది. హెర్టీ దానిని తన ప్రాంతపు చెట్లకు, పనివారి అలవాట్లకు అనుగుణంగా మార్చాడు. బోదెను గుల్ల చేయడం మానివేశాడు. బెరడు చెక్కిన చోటికి దిగువన రెండు సన్నని రేకులను ఏటవాలుగా అమర్చి, వాటి మొగలో ఒక మట్టిముంతను మేకుకు వ్రేలాడగట్టాడు. జిగురు రేకులవెంట జారి ముంతలో పడుతుంది. ఏటేటా గాయం పైకి పోయినకొద్దీ రేకులనూ ముంతనూ కూడ పైకి జరుపుతారు. యంత్రమంతా ఇంతే.

తెలుగుదేశపు పాఠకులకు ఇది వింటే నవ్వు రావచ్చును. మన పల్లెలలో తాటిచెట్టుకు, ఈతచెట్టుకు లొట్టి కట్టని గీతకాడు ఎవడు? కల్లు పట్టడానికి చెట్టు మొదట్లో గొయ్యి తవ్వాలని ఇక్కడ ఎవ్వరికీ తోచదు. చెట్టు రేపు కూడ తనకు అన్నం పెట్టవలసినదని గీతకాడు ఎరుగును. అమెరికా వ్యాపారికి ఆ ఎరుక లేకపోవడానికి కారణం బుద్ధిహీనత కాదు. అడవి అనంతమనే భ్రమ. ఒక తోపు పోతే మరొక తోపు ఉన్నదనుకొన్నవానికి ముంత కొనవలసిన అవసరం కనిపించదు.

హెర్టీ ఈ సంగతి గ్రహించాడు. చెట్లమీద జాలి చూపండని వ్యాపారులకు ఉపన్యసిస్తే ప్రయోజనం లేదని ఆయనకు తెలుసు. అందుచేత ఆయన లెక్కలు చూపాడు. ప్రభుత్వ అటవీశాఖకు అధిపతిగా ఉండిన గిఫర్డ్ పించో ఆయన కృషిని గుర్తించి, 1902లో శాఖలో నియమించి, ఒసిల్లా అనే చోట పెద్ద ఎత్తున పరీక్షలు జరిపించాడు. ఒకేరకమైన తోపులలో కొన్ని చెట్లకు పాత పద్ధతిని గుంటలు తొలిచి, కొన్నిటికి ముంతలు కట్టి, రెండింటి దిగుబడినీ వేరువేరుగా కొలిచారు. ముంత కట్టిన చెట్టు ఎక్కువ జిగురు ఇచ్చింది. జిగురు పరిశుభ్రంగా ఉండి తేటయైన రోజిన్ దిగింది. ముంతల ఖర్చుపోగా కూడ లాభమే మిగిలింది. 1903లో ఈ ఫలితాలను అటవీశాఖ ఒక ప్రత్యేక నివేదికగా ప్రకటించింది. ఆ సంవత్సరమే హెర్టీ తన సాధనానికి పేటెంటు పొందాడు. టెనెసీ రాష్ట్రంలోని ఒక కుండల కర్మాగారం ఈ ముంతలను విస్తారంగా తయారుచేసి అడవులకు పంపింది. ప్రభుత్వ శాసనాలు, పత్రికల విలాపాలు మాన్పలేని గొడ్డలిని ఈ మట్టిముంత క్రమక్రమంగా మాన్పించింది.

అయితే చరిత్ర చదివే విద్యార్థి ఇక్కడ ఒక చేదునిజాన్ని కూడ గుర్తించాలి. ఆ అడవులలో గొడ్డలి పట్టినవారిలో అధికసంఖ్యాకులు నీగ్రోజాతి అని ఆనాడు పిలువబడిన నల్లజాతి కూలీలు. కొందరు జైళ్ళనుండి కంట్రాక్టర్లకు అద్దెకు ఇవ్వబడిన ఖైదీలు. మరికొందరు యజమాని దుకాణంలో పడిన అప్పు తీరక వెట్టిలో చిక్కినవారు. ఖైదీలను అద్దెకిచ్చే దురాచారం జార్జియాలో 1908లో రద్దయినా అప్పులవెట్టి ఆ తర్వాత కూడ చాలకాలం కొనసాగింది. హెర్టీ ముంత చెట్టుగాయాన్ని తగ్గించింది గాని ఆ మనుష్యుల గాయాన్ని మాన్పలేదు. అడవికి న్యాయం చేసినంతమాత్రాన అడవిలో పనిచేసేవానికి న్యాయం జరిగినట్టు కాదు. ఇది హెర్టీ ఒక్కని లోపం కాదు. ఆ యుగపు సంఘం మొత్తానికి అంటిన మచ్చ.

1905లో హెర్టీ ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర శాఖకు ఆచార్యుడై చాపెల్‌హిల్ వెళ్ళాడు. 1915, 1916 సంవత్సరాలలో అమెరికను రసాయన సంఘానికి అధ్యక్షత వహించాడు. మొదటి ప్రపంచయుద్ధంవల్ల జర్మనీనుండి రంగులు, ఔషధాలు రావడం నిలిచిపోగా, దేశం తన రసాయనాలను తానే తయారుచేసుకోవాలని ప్రబోధించినవారిలో ఆయన అగ్రగణ్యుడు. 1917 నుండి 1921 వరకు పారిశ్రామిక రసాయనశాస్త్ర పత్రికకు సంపాదకత్వం వహించి కలంతోనూ ఆ కృషి సాగించాడు. 1930లో అమెరికా ప్రభుత్వం జాతీయ ఆరోగ్య సంస్థను నెలకొల్పడానికి పాటుపడినవారిలో కూడ ఆయన ఒకడు. అప్పటికి ఆయనకు 60 ఏండ్లు దాటాయి. సాధారణంగా మనుష్యులు విశ్రాంతి కోరుకొనే ఆ వయస్సులో హెర్టీ మరల అడవివైపు తిరిగాడు.

దక్షిణాది అప్పుడు దీనస్థితిలో ఉన్నది. పత్తికాయ పురుగు పంటను తినివేసింది. ఆర్థికమాంద్యం ధరలను పడగొట్టింది. రైతులు విడిచిపెట్టిన చవిటి చేలలో గాలికి ఎగిరివచ్చిన విత్తనాలు మొలిచి లేత పైన్లు దట్టంగా పెరుగుతున్నాయి. ఆ దట్టమైన పెరుగుదలే వాటికి చేటు. నారుమడిలో మొక్కను తీసి దూరంగా నాటకపోతే వరిపైరు ఎట్లు గిడసబారుతుందో, గుంపుగా పెరిగిన చెట్లు కూడ అట్లే వెలుతురుకు, నీటికి పెనుగులాడి ఏ ఒక్కటీ లావెక్కక నిలిచిపోతాయి. మధ్యమధ్య కొన్నిటిని కొట్టివేస్తేనే తక్కినవి మహావృక్షాలవుతాయి. కాని అట్లు కొట్టిన సన్నకొయ్యను కొనేవాడు లేడు. దూలానికి చాలదు, పలకకు రాదు. కూలి ఇచ్చి కొట్టించి కుళ్ళబెట్టడానికి పేదరైతు ఎందుకు పూనుకొంటాడు? తోపును పెంచడంకంటె తగులబెట్టి పశువుల మేతకు వదలడమే ఆయనకు లాభసాటిగా తోచింది.

అదే సమయంలో అమెరికా వార్తాపత్రికలు తమకు కావలసిన కాగితంలో అధికభాగం కెనడానుండి తెప్పించుకొంటున్నాయి. ఆ కాగితం ఉత్తరాది చలిప్రదేశాల స్ప్రూస్ చెట్టునుండి తయారయ్యేది. దక్షిణాది పైన్‌నుండి గోధుమరంగు సంచుల కాగితం చేయవచ్చునే గాని, జిగురు అధికమగుటచేత తెల్లని పత్రికా కాగితం చేయుట అసాధ్యమని నిపుణుల సిద్ధాంతం.  అందరూ చెప్పినమాట గనుక అందరూ నమ్మినమాట అది.

ముప్పది ఏండ్లు పైన్ జిగురుతో సహవాసం చేసిన హెర్టీకి అందులోని పొరపాటు స్ఫురించింది. జిగురు విరివిగా కారేది గాయం తగిలినప్పుడు. అది చెట్టు తన్ను తాను కాపాడుకొనే ప్రయత్నం. గాయం తగలని లేతచెట్టు కొయ్యలో జిగురు అంత ఉండవలసిన పనిలేదు. జిగురు అధికంగా పేరుకొనేది ముదురు చెట్టు నడిమి చేవలో. ఆ చేవ చెట్టుకు సుమారు 20 ఏండ్లు దాటిన తర్వాతగాని ఏర్పడదు. లేతకొయ్యను విశ్లేషించి చూడగా దాని జిగురు స్ప్రూస్ కొయ్యలోని జిగురును మించలేదని తేలింది. కాళిదాసు ఏనుగులు రాచుకొన్నప్పుడు గాని సరళవృక్షానికి పాలు కారలేదు గదా!

1932లో సవానా నగరంలో, రాష్ట్రప్రభుత్వం, నగరపాలకులు, కెమికల్ ఫౌండేషన్ అనే సంస్థ తలయొక చేయి వేయగా, ఒక చిన్న గుజ్జు, కాగిత ప్రయోగశాల వెలసింది. అక్కడ హెర్టీ, ఆయన సహాయకులు పగలు రాత్రి అనక శ్రమించారు. లేత పైన్ దుంగలను రాతిచక్రంపై అరగదీసి కొంత గుజ్జు, రసాయనాలలో ఉడికించి కొంత గుజ్జు తీసి, రెండింటినీ తగుపాళ్ళలో కలిపి కాగితంగా పరచేవారు. ఉష్ణప్రదేశంలో కొట్టిన దుంగలకు శీఘ్రంగా నీలిమచ్చ పడుతుంది గనుక వాటిని పచ్చిగా ఉన్నప్పుడే వినియోగించాలి. ఇటువంటి చిక్కులను ఒక్కొక్కటిగా విప్పుకొంటూ వారు ముందుకు సాగారు.

1933 మార్చిలో సోపర్టన్ అనే చిన్న పట్టణపు వారపత్రిక జార్జియా పైన్ కాగితంపై అచ్చయింది. అయినను ఒక గ్రామపత్రిక అచ్చయినంతమాత్రాన పెట్టుబడిదారులు నమ్మరు. దినపత్రికల మహావేగపు ముద్రణయంత్రాలపై కాగితం తెగకుండ నిలువవలెను. సవానా ప్రయోగశాల తయారుచేసిన గుజ్జును కెనడాలోని ఒక మిల్లుకు పంపి చుట్టలు చుట్టలుగా కాగితం చేయించారు. 1933 నవంబరు 20వ తేదీన జార్జియాలోని తొమ్మిది దినపత్రికలు ఆ కాగితంపై వెలువడ్డాయి. ఆ ఉదయం పత్రిక విప్పిన రైతు చేతిలో ఉన్నది, తాను పనికిమాలినదని తగులబెడుతూ వచ్చిన సన్నకొయ్యయే.

కాని విజయం రుజువైన నాడే ఫలించలేదు. మాంద్యపు రోజులలో కొత్త మిల్లుకు అప్పిచ్చే బ్యాంకులు లేవు. లేతచెట్లకు గిరాకి పెరిగితే వ్యాపారులు పెద్దచెట్టనక పసిచెట్టనక ఊడ్చివేస్తారేమోననే భయం కూడ కొందరికి ఉన్నది. అది నిరాధారమైన భయం కాదు. దానికి హెర్టీ ఇచ్చిన సమాధానం ఒక్కటే: కొట్టిన చోట మరల పెంచాలి, అడవి కూడ పైరువంటిదే, విత్తనం దాచుకోనివానికి మరుసటి పంట ఉండదు. ఈ ధర్మాన్ని బోధిస్తూ ఆయన ఊరూరా తిరిగాడు. రైతుసభలలో, బడులలో, వర్తకసంఘాలలో ఉపన్యసించాడు. 1936లో సవానాలో ఒక మహా కర్మాగారం వెలసింది. కాని అది సంచుల కాగితం మిల్లు. ఆయన కలలు కన్న పత్రికా కాగితపు మిల్లు ఇంకా కాగితంమీదనే ఉన్నది. ఆ కల నెరవేరడం చూడకుండానే, 1938 జులై 27వ తేదీన, తన 70వ ఏట సవానాలో హెర్టీ కన్నుమూశాడు. 1940 జనవరిలో టెక్సాస్ రాష్ట్రంలోని లఫ్కిన్ పట్టణంలో సౌత్‌లాండ్ మిల్లు దక్షిణాది పైన్‌తో పత్రికా కాగితం తయారుచేయడం ప్రారంభించింది. ఏడాదిన్నర కాలం ఆయనకు చాలలేదు.

ఆయన కృషి ఫలితాన్ని నేడు తూచి చూస్తే త్రాసు రెండు తట్టలలోనూ బరువు కనిపిస్తుంది. సన్నకొయ్యకు ధర వచ్చినందున పాడుపడిన చేలు లక్షల ఎకరాలలో మరల పచ్చని తోపులైనాయి. రైతుకు చెట్టు పెంచే ఓపిక కలిగింది. మరొక తట్టలో, త్వరగా ఎదిగే పైన్లను వరుసలుగా నాటి త్వరగా కొట్టుకొనే ఆచారం ప్రబలింది. అనేక జీవజాతులకు ఆటపట్టయిన పూర్వపు పొడుగాకు పైన్ అడవి, సేద్యం, కొయ్యవ్యాపారం, ఈ కొత్త తోపుల నడుమ చిక్కి, 1990 ప్రాంతాలకు సుమారు 30 లక్షల ఎకరాలకు క్షీణించింది. దాని పునరుద్ధరణకు ఇప్పుడు కృషి జరుగుతున్నది. మితమైన నేలమంట ఆ అడవికి శత్రువు కాదనీ, అవసరమేననీ నేటి అటవీశాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆనాటి పెద్దలు అగ్నినంతటినీ శత్రువుగానే భావించారు. 1936లో వెలసిన సవానా మిల్లు 2025లో మూతపడింది. చుట్టుపట్ల తోపుల యజమానులకు హెర్టీనాటి ప్రశ్నయే మరల ఎదురైంది: ఈ సన్నకొయ్యను కొనేదెవరు? ఇంధనపు గుళికలుగా, ఇంకా అనేక రూపాలుగా దానిని మార్చే మార్గాలను అక్కడివారు అన్వేషిస్తున్నారు.

ఈ ప్రశ్న తెగేది కాదు. తరతరానికీ కొత్తగా పుడుతుంది. విలువలేనిదని పారవేసిన వస్తువుకు విలువ కల్పించినప్పుడు దానిని కాపాడే చేతులు పుడతాయి. ఆ విలువకు హద్దు లేనప్పుడు అవే చేతులు దానిని దోచుకొంటాయి. మొదటి సంగతిని హెర్టీ తన జీవితంతో నిరూపించాడు. రెండవ సంగతిని గుర్తుంచుకోవడం తరువాతివారి బాధ్యత.

ఆయన మొదటి ప్రయోగం జరిపిన స్టేట్స్‌బరో పట్టణంలో ఇప్పుడు ఒక విశ్వవిద్యాలయం ఉన్నది. ఆ ఆవరణలో కొన్ని పైన్ చెట్లను హెర్టీ పేరిట రక్షితవనంగా కాపాడుతున్నారు. జార్జియా అడవులలో నేటికీ అక్కడక్కడ ఆకులక్రింద ఆ మట్టిముంతల పెంకులు దొరుకుతూ ఉంటాయి. మహాపురుషుల స్మారకచిహ్నాలు సాధారణంగా శిలలతోనో, కంచుతోనో నిర్మిస్తారు. పగిలిన కుండపెంకు స్మారకచిహ్నంగా మిగలడం కొద్దిమందికే లభించే భాగ్యం. విలువలేనిదనిపించే ఆ పెంకును చేతిలోనికి తీసుకొని ఒక్క నిమిషం ఆలోచించే విద్యార్థికి, హెర్టీ చెప్పదలచుకొన్నదంతా అర్థమవుతుంది.